తెల్ల గౌన్లకు పసుపు

సింగపూర్‌లో ఉమ్మేస్తే జరిమానా, చెత్త పారేస్తే జరిమానా. తెలివితక్కువతనానికి మాత్రం లేదు. ఉండుంటే ఈ దేశపు ఖజానాను నేనొక్కణ్ణే నింపేవాణ్ణి. నమ్మకపోతే ఫ్యాషన్ ప్రపంచంలో నేను గడిపిన ఏకైక రోజు గురించి వినండి. మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి, ఒక స్టూడియో మునిగిపోయే కథ ఇది.

నేను బడి మధ్యలోనే మానేసినవాణ్ణి. చదువు నన్ను వదిలేసిందా, నేనే చదువును వదిలేశానా అన్నది మా ఇంట్లో ఇంకా తేలని కేసు. అయినా ఫ్యాషన్ డిజైనర్ కావాలని కోరిక. టోవా పాయోలో మా ఫ్లాట్‌లో మంచం మీద పడుకుని ఫోన్‌లో ఇంటర్న్‌షిప్‌లు వెతికేవాణ్ణి. ఆ ప్రకటనలు చూడాలి మీరు. పని నేర్పడానికే పిలుస్తారు, కానీ పని ముందే వచ్చి ఉండాలంటారు. జీతం ఉండదు, నలుగురి కంట్లో పడే ఎక్స్‌పోజర్ ఉంటుందట. హాకర్ సెంటర్ తిండి కొట్లలో అది చూపిస్తే చికెన్ రైస్ కాదు కదా, పక్కనుండే కీరదోస ముక్క కూడా పెట్టరు.

చివరికి మా అక్క జాలిపడి తన స్నేహితురాలు లిమ్ మేడమ్‌ని బతిమాలింది. ఆవిడకు జురాంగ్ ఈస్ట్‌లో చిన్న డిజైన్ స్టూడియో ఉంది. ఒక రోజు పని చూసి, నచ్చితే ఇంటర్న్‌గా ఉంచుకుంటానంది.

"నా పరువు తీయకురా," అంది అక్క.

"నీ పరువు నా చేతుల్లో ఉందక్కా, భయపడకు."

"అందుకే భయం."

ఆ రోజు పొద్దున్నే కొత్త చొక్కా తొడుక్కుని వెళ్లాను. స్టూడియోలో అప్పుడే కుట్టి వచ్చిన లినెన్ గౌన్లు కొంగల గుంపులా తెల్లగా వేలాడుతున్నాయి. సాయంత్రం పెద్ద షాపు వాళ్లు వచ్చి చూస్తారట. మేడమ్ నా చేతికి ఆవిరి ఇస్త్రీ ఇచ్చింది. "మీ ఇంటి బట్టల్లా చూసుకో, ఓకే?" అని భోజనానికి వెళ్లింది.

తప్పంతా అక్కడే జరిగింది. మా ఇంటి బట్టల్ని మేమెలా చూసుకుంటామో ఆవిడకేం తెలుసు? మాది మలేషియా నుంచి దిగివచ్చిన తెలుగు కుటుంబం. మా మాటల్లో సగం తమిళం కలిసిపోయింది గానీ, కొత్త బట్టకు పసుపు పెట్టకుండా ఒంటి మీద వేసుకోవడానికి మా అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు. అనుమానం వచ్చి ఫోన్ చేశాను.

"అమ్మా, ఇక్కడన్నీ కొత్త గౌన్లే. పసుపు పెట్టాలా?"

"పెట్టకుండా అమ్ముతారా ఎవరైనా? ఆ పిల్ల వ్యాపారం బాగుపడొద్దూ?"

"ఆవిడ చైనీస్ అమ్మా."

"పాపం, చెప్పేవాళ్లు లేరన్నమాట. నువ్వే పెట్టు."

కింద కొట్టుకు పరుగెత్తి పసుపు తెచ్చాను. తడిపి, ప్రతి గౌనుకూ మెడ లోపల అగ్గిపుల్ల తలంత చుక్క పెట్టాను. అక్కడితో ఆగినా బతికిపోయేవాణ్ణి. కానీ నాకు అప్పగించిన పని ఇస్త్రీ కదా, శ్రద్ధగా ఆవిరి పట్టాను. చుక్క చెమ్మ తాగి రూపాయి బిళ్లంత అయింది, తర్వాత దోశంత అయింది. కంగారుపడి సబ్బు రుద్దాను. పసుపు కాస్తా ఎర్రబడింది. చూడండి నా చేతి మహిమ: పసుపు పెట్టింది నేను, కుంకుమ దానంతట అదే వచ్చింది.

సరిగ్గా అప్పుడే మేడమ్ తిరిగొచ్చింది.

"దిస్ వన్ వాట్?"

"బ్లెస్సింగ్ మేడమ్."

"హూ ఆస్క్ యూ టు బ్లెస్?"

"మై మదర్."

మేడమ్ తెల్లటి ముఖం కూడా సబ్బు తగిలిన పసుపులా రంగు మారింది.

"ఈవినింగ్ వాళ్లకు నేనేం చూపించాలి?"

"కొత్త డిజైన్ అని చెప్పండి మేడమ్," అన్నాను, సాయం చేద్దామని.

"గో హోమ్ లా," అంది తలుపు చూపిస్తూ.

షాపు వాళ్లను బతిమాలి ఆవిడ మరో రోజుకు మార్చుకుందట. అక్క మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. నేను ఇంటికెళ్లి, దేవుడి పటం ముందు చేతులు జోడించి, ఈ జన్మలో పరాయి బట్ట మీద పసుపు కాదు కదా, నా నీడ కూడా పడనివ్వనని ప్రమాణం చేశాను. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"నీ పసుపు వల్లే నా ఉద్యోగం పోయింది."

అమ్మ వేగుతున్న వడల మీంచి చూపు తిప్పకుండానే అంది.

"పసుపునేమీ అనకు. పొద్దున నీ కొత్త చొక్కాకు పెట్టడం మరిచిపోయావు, అందుకే పోయింది."