పై మెట్టు జడ

దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. ఈ మాట ముందే చెప్పకపోతే కింద రాసింది చదివి నా గురించి మరోలా అనుకుంటారు. మేం ప్రగతి నగర్ నుంచి నానక్‌రామ్‌గూడకు ఇల్లు మారింది అమావాస్య రోజున. ఆ రోజైతే లారీలు ఖాళీగా దొరుకుతాయని నేనే పట్టుబట్టాను. మా అత్తగారు ముఖం ముడుచుకున్నా పట్టించుకోలేదు.

నాకు భయాలు లేవని కాదు. మా బాబు రాత్రి రెండుసార్లు దగ్గితే నాకిక తెల్లవార్లూ నిద్ర ఉండదు. కానీ నా భయాలన్నీ జ్వరాలు, లిఫ్టులు, సందుల్లోకి దూసుకొచ్చే నీళ్ల ట్యాంకర్లు. వాటిలో కంటికి కనపడనిదేదీ లేదు.

మా చెల్లెలు లాస్య నాకన్నా చాలా చిన్నది. కాకినాడలో పదో తరగతి పాసయ్యాక ఇంటర్‌కి ఇక్కడికి పంపిస్తామన్నారు. పెద్ద కాలేజీల్లో పిల్ల నలిగిపోతుందని, మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఒక చిన్న రెసిడెన్షియల్ కాలేజీకి నేనే అప్లై చేయించాను. ఆడపిల్లలకు మాత్రమే. పాత అపార్ట్‌మెంటును కాలేజీగా మార్చారు. కింద క్లాసులు, పైన గదులు, చుట్టూ అద్దాల టవర్లు. నాన్న ఫోన్లో ఒకే మాట అన్నారు: "నిన్ను చూసుకునే పంపిస్తున్నానమ్మా."

ఇంటర్వ్యూలో ప్రిన్సిపల్ మేడమ్ మార్కులు చూసి తలూపింది. లాస్య జుట్టు చూసి మాత్రం ఆగిపోయింది. అక్కడ అందరూ రెండు జడలు వేసుకుని, పైకి మడిచి రిబ్బన్లు కట్టుకోవాలి. లాస్య జుట్టేమో నడుం దాటి ఉంటుంది. అప్పటిదాకా అమ్మే వేసేది. తనంతట తాను వేసుకోవడం రాదు.

"ఇంత జుట్టు రోజూ ఎవరేస్తారండీ? కత్తిరించేయండి" అంది మేడమ్. లాస్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేర్చుకుంటుందిలెండి అని నేను సర్దిచెప్పాను. సీటు ఇచ్చారు. చేరేలోపు నేర్పాలని చూశాను కానీ వెనక పాపిట తీసేసరికే చేతులు నొప్పంటూ దువ్వెన పడేసేది.

మొదటి ఆదివారం చూడ్డానికి వెళ్లినప్పుడు తల పిచ్చుక గూడులా ఉంటుందనుకున్నాను. ఆశ్చర్యపోయాను. పాపిట గీత గీసినట్టు ఉంది. రెండు జడలూ ఒక్క వెంట్రుక లేవకుండా బిగువుగా ఉన్నాయి. ఎవరి జడ వాళ్లే వేసుకుంటే భుజం మీదుగా ముందుకు లాక్కుంటారు కాబట్టి కింది సగం ముందుకు తిరుగుతుంది. ఇవి అలా లేవు. మెడ దగ్గర నుంచి చివరి దాకా తిన్నగా ఉన్నాయి. వెనక కూర్చుని ఎవరో వేసినవే.

"ఎవరే వేసింది?"

"వెనకాల అక్క."

పొద్దున్నే పిల్లలంతా మెట్ల మీద వరసగా కూర్చుంటారట. ఒక్కొక్కరు తమ కింది మెట్టు మీద ఉన్న పిల్లకు జడ వేస్తారు. దాన్ని రైలుబండి అంటారట. వెనక్కి తిరిగితే ఊరుకోరు, ఒకళ్లు కదిలితే బండి మొత్తం పాడైపోతుందట. గంట కొట్టగానే అందరూ ఒక్కసారి లేచి కిందికి పరిగెడతారు.

"మరి ఆ అక్క పేరేంటే?"

"ఏమో అక్కా, ఎప్పుడూ మాట్లాడదు. 'రిబ్బన్' అంటుందంతే. ఇస్తాను."

ఎవరో మంచి సీనియర్ అనుకున్నాను. అమ్మకు ఫోన్ చేసి చెప్తే ఆవిడ కూడా సంతోషించింది. లాస్య తన కింది మెట్టు మీద కూర్చునే మౌనికకు జడ వేసేది. మౌనిక వాళ్లమ్మ చేవెళ్ల వైపు నుంచి వచ్చేది. ఆదివారాలు కాంపౌండులో కలిసేవాళ్లం. సర్వపిండి తెచ్చి మా బాబుకు కూడా పెట్టేది.

కొన్ని వారాలయ్యాక లాస్య కళ్లజోడు విరిగిందని వార్డెన్ ఫోన్ చేసింది. కొత్తది చేయించి, పొద్దున ఆఫీసుకు వెళ్తూ ఇద్దామని ఆగాను. బాగా వెలుగొచ్చింది. వార్డెన్ మెట్ల దగ్గరే ఉంది.

"జర ఆగమ్మా, జడలు అయితున్నయ్. ఇప్పుడు పిలిస్తే నన్ను తిడ్తరు పోరిలు" అని నవ్వింది.

నేను మెట్ల మొదట్లో నిలబడి పైకి చూశాను. నిజంగానే రైలుబండి. కింది మెట్టు నుంచి పై దాకా పిల్లలు. దువ్వెనల చప్పుడు, నవ్వులు, ఎవరో ఫార్ములాలు వల్లెవేస్తున్నారు. లాస్య అందరికన్నా పైన ఉంది. కొత్తగా చేరినవాళ్లకు పై మెట్టేనట.

దాని వెనక ఎవరూ లేరు.

వెనక చిన్న ఖాళీ, దాని తర్వాత టెర్రస్ తలుపు. తలుపుకు తాళం. పక్క కిటికీలోంచి ఎండ నేరుగా ఆ ఖాళీ మీదే పడుతోంది. ఎవరో లేచి లోపలికి వెళ్లారేమో అనుకున్నాను. అటూ ఇటూ గోడలే.

లాస్య రెండు చేతులూ మౌనిక జుట్టులో ఉన్నాయి. లాస్య కుడివైపు జడ పూర్తయింది. ఎడమవైపు జుట్టు వదులుగా భుజం మీద ఉంది. నేను చూస్తుండగానే ఆ జుట్టు భుజం మీంచి వెనక్కి వెళ్లింది. తల కాస్త వెనక్కి వాలింది, పాయ గట్టిగా లాగినప్పుడు వాలినట్టు. మళ్లీ. మళ్లీ. లాస్య మౌనికతో మాట్లాడుతూనే ఉంది.

తర్వాత ఒళ్లో ఉన్న రిబ్బన్ తీసి, తిరక్కుండానే, భుజం మీదుగా వెనక్కి అందించింది. చెయ్యి ఖాళీగా వెనక్కొచ్చింది.

రిబ్బన్ కింద పడలేదు. నేను దాన్నే చూస్తున్నాను.

చేతిలోని కళ్లజోడు పెట్టె జారిపడింది. వంగి తీసి తలెత్తేలోపు గంట కొట్టారు. పిల్లలంతా లేచారు. లాస్య నన్ను చూసి పరిగెత్తుకుంటూ దిగింది. రెండు జడలూ మడిచి ఉన్నాయి, రెండు రిబ్బన్లూ కట్టి ఉన్నాయి. పట్టుకుని చూశాను. తిన్నగా, బిగువుగా.

మౌనికను ఆపి అడిగాను, లాస్య నీ జుట్టు వదిలి తన జడ వేసుకుందా అని. "లేదక్కా. రిబ్బన్ ఇయ్యనీకి ఒక్కసారి చెయ్యి తీసింది, గంతే."

వార్డెన్‌ను పైకి తీసుకెళ్లాను. తాళం చెవి ఆమె కొంగుకే ఉంది. తలుపు తీసి చూపించింది. టెర్రస్ మీద నీళ్ల ట్యాంకు, బట్టల తీగలు తప్ప ఏమీ లేవు. "ఏందమ్మా గిట్ల పరేషాన్ అయితున్నవ్? ఇది ఆఖరి మెట్టు. ఈడ వెనక ఎవరు కూసుంటరు?" అంది. అన్నాక ఆమే ఆగిపోయి కింద నిలబడ్డ లాస్య జడల వైపు చూసింది.

అదే రోజు లాస్యను ఇంటికి తెచ్చేశాను. ఆటోలో గొడవ పెట్టుకుంది. "నీకేమన్నా పిచ్చా అక్కా! ఇవాళ టెస్టుంది నాకు!" ఇంటికొచ్చాక నేను చూసింది చూసినట్టు చెప్పాను. అది నవ్వబోయింది. తర్వాత చెయ్యి మెల్లగా తల వెనక్కి పెట్టుకుంది. చాలాసేపు తీయలేదు.

మా ఆయన నిద్రలేమి అన్నారు. నాన్న ఫోన్లో అరిచారు, పిల్ల చదువు నాశనం చేస్తున్నావన్నారు. డే స్కాలర్‌గా ఉంచమని ప్రిన్సిపల్‌ను బతిమాలితే, అక్కడ ఆ పద్ధతి లేదంది. చివరికి కూకట్‌పల్లిలో వేరే కాలేజీలో చేర్చాం. పాత కాలేజీ చుట్టుపక్కల కిరాణా కొట్టు వాళ్లనీ, ఇస్త్రీ బండాయననీ అడిగాను. ఆ బిల్డింగులో ఎవరూ చనిపోలేదు. ఏ కథా లేదు. ఉన్నా బాగుండేది, కనీసం ఒక కారణం దొరికేది.

నిన్న మౌనిక వాళ్లమ్మ ఫోన్ చేసింది. లాస్య ఎందుకు మానేసిందని అడిగింది. నేను ఎలా చెప్పాలా అని వెతుక్కుంటుంటే ఆవిడే సంతోషంగా అంది, "మా మౌనికను ఇప్పుడు పై మెట్టు మీదికి పంపిన్రట అక్కా. అయినా ఫికర్ లేదు, జడలు ఎంత మంచిగున్నయో!"

అప్పుడు చెప్పాను. మెట్లు, తాళం, రిబ్బన్, అన్నీ. ఎగతాళి చేస్తుందనుకున్నాను. చేయలేదు. వెనక బస్సు హారన్లు వినబడుతున్నాయి. ఆవిడ అడిగింది:

"గట్లయితే మా బిడ్డకు జడ ఎవరేస్తున్నరక్కా?"

తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి బిడ్డను తీసుకుపోతానంది. ఇంకా తెల్లారలేదు.