సుగుణ టీచర్ వెంట తీసుకెళ్ళిన సినిమాలు

పుంగనూరు బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో కాఫీ చెప్పి కూర్చున్నాను. గోడ మీది టీవీలో ఏదో సినిమా నడుస్తోంది. ఎవరో ఫోన్ మాట్లాడుకోవడానికి శబ్దం తీసేయించినట్టున్నారు. బొమ్మ మాత్రమే కదులుతోంది. హీరోయిన్ ఏడుస్తూ హీరో చొక్కా పట్టుకుని ఏదో అంటోంది. అలవాటుగా నా చూపు ఆమె పెదవుల మీదికి పోయింది. ఆ అమ్మాయి మాట్లాడుతున్నది తెలుగు కాదు. ఏ భాషో తేల్చుకునేలోపు సీను మారిపోయింది. నాకు పెదవుల వైపు చూడటం నేర్పిన మనిషి పోయిన చలికాలంలో, పోర్చుగల్‌లో, లిస్బన్ నగరంలో చనిపోయారు. కాఫీ వచ్చిన సంగతి కూడా నేను గమనించలేదు.

సుగుణ టీచర్ మదనపల్లెలో మా ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ చెప్పేవారు. పదేళ్ళ వయసులో జ్వరం వచ్చి ఆమెకు వినికిడి పూర్తిగా పోయింది. అప్పటికే మాటలు వచ్చు కాబట్టి మాట్లాడగలరు. గొంతు మాత్రం ఆమె అదుపులో ఉండేది కాదు. గట్టిగా చెప్పవలసింది మెల్లగా, మెల్లగా చెప్పవలసింది బడంతా వినిపించేలా చెప్పేవారు. ఎదుటివాళ్ళ మాటను పెదవుల కదలికలోనే పట్టుకునేవారు. మాకు మొదట్లో దాని మీద నమ్మకం కుదరలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఆటస్థలం అవతలి గోడ దగ్గర మా క్లాసు పిల్ల ఒకతె పక్కదానితో, "మిస్ ముక్కు సూడు మే, ఉర్లగడ్డ మాదిరి ఉండాది" అంది. టీచర్ వరండాలో నిలబడి ఉన్నారు. ఆ తర్వాత క్లాసులోకి వచ్చి బోర్డు మీద నున్నని బంగాళాదుంప ఒకటి గీశారు.

"ఇది ఉర్లగడ్డ. నా ముక్కు దీనికంటే రవంత పొడుగు. రెండూ పక్కపక్కన గీసి సూపియ్యండి" అన్నారు.

క్లాసంతా నవ్వింది, ఆ పిల్ల తప్ప. టీచర్ ఆ పిల్ల పక్కనే కూర్చుని, తన ముక్కు ఎక్కడ వంగుతుందో వేలితో చూపించి మరీ గీయించారు. ఆమెకు కోపం రాలేదు. దూరం నుంచి ఒక మాట సరిగ్గా అందుకున్నానన్న సంతోషమే ఆ ముఖంలో కనబడింది.

మాదీ పుంగనూరే, ఆమెదీ పుంగనూరే. రోజూ ఒకే బస్సులో మదనపల్లెకు పోయి వచ్చేవాళ్ళం. అట్లా చనువు పెరిగి, ఆదివారాలు వాళ్ళింటికి సినిమాలు చూడటానికి పోవడం మొదలైంది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. పోయిన తమ్ముడి బిడ్డ గీతను తెచ్చి పెంచుకుంటున్నారు. ఇంట్లో గోడకు చెక్క అరలు కొట్టించి వాటి నిండా డీవీడీలు పేర్చారు. తెలుగువి, కన్నడవి, అరవవి. బెంగళూరుకు పోయినప్పుడల్లా కొని తెచ్చుకున్నవి. ఆ డిస్కులతో ఉన్న సుఖం ఏమిటంటే, తెర కింద ఇంగ్లీషులో మాటలు పడతాయి. సినిమాహాల్లో ఆమెకు ఆ సాయం ఉండదు. ముందు కింద అక్షరాలు చదవడం, వెనక్కి తిప్పి అదే సీనులో పెదవులు చూడటం, మళ్ళీ వెనక్కి తిప్పడం. రిమోట్ మీద వెనక్కి తిప్పే బొత్తాం నున్నగా అరిగిపోయి ఉండేది. అట్లా ఇంట్లో కూర్చునే కన్నడమూ అరవమూ నేర్చుకున్నారు, పెదవుల మీద మాత్రమే.

ఆ అరల వరుస కూడా ఆమె సొంతం. భాషను బట్టి కాదు, నోళ్ళను బట్టి సర్దేవారు. స్పష్టంగా పలికే వాళ్ళ సినిమాలు పై అరలో. గొణిగే వాళ్ళవి నడిమి అరలో.

"కింద అరలో ఏముండాయి మిస్?" అని అడిగాను.

"మీసాలోళ్ళు. ఆ మీసాల కింద ఏమి మాట్లాడతారో ఆ దేవునికే తెలియల్ల. ఒక్కొక్కడు గొరిగించుకునొస్తే ఎంత బాగుంటాది!"

టీవీకి శబ్దం పెట్టవలసిన అవసరం ఆమెకు లేదు. నా కోసం, "పెంచుకో పాపా, నాకేమి అడ్డం?" అనేవారు. కొన్నాళ్ళు పెంచుకున్నాను. తర్వాత నాకే వద్దనిపించింది. ఒక ఆదివారం ఇట్లాగే చూస్తుంటే, తెర మీద కథానాయిక చచ్చిపోతున్న భర్తను ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. కింద 'నన్ను విడిచి వెళ్ళకు' అన్న అర్థంలో ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. టీచర్ ముందుకు వంగి చూశారు. బొమ్మను ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూశారు.

"లెక్కలు సెప్పతాంది పాపా."

"ఎవరు మిస్?"

"ఆ యమ్మే. తెలుగు రాదు పాపం. వన్, టూ, త్రీ, ఫోర్ అంటాంది. గొంతు ఇంకెవురో పెట్టుంటారు."

నేను పడీ పడీ నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ ముఖాన్నే చూస్తూ, "కన్నీళ్ళు మాత్రం నిజమే" అన్నారు. ఒక మనిషిని అంత శ్రద్ధగా చూడవచ్చునని నాకు ఆ రోజే తెలిసింది.

నాకు కుప్పంలో సంబంధం కుదిరింది. కొన్నేళ్ళకు గీతకు కూడా అక్కడే కాలేజీలో ఉద్యోగం వచ్చింది. టీచర్ రిటైరై, అరలతో సహా మా వీధికే వచ్చి చేరారు. అంతటి అదృష్టం కొద్దికాలమే దక్కింది. గీతకు లిస్బన్‌లో ఉద్యోగం దొరికింది. పెంచిన అమ్మను వదిలి వెళ్ళనంది. టీచర్ ఒప్పుకున్నారు. అయితే డిస్కులన్నీ తనతో రావాలన్నారు.

సామాను సర్దే రోజు నేనూ ఉన్నాను. పెట్టెల్లోంచి డిస్కులు తీసి, గుడ్డతో తుడిచి, జిప్పు సంచుల్లోని అరల్లో దూరుస్తున్నాం. ఖాళీ పెట్టెలు నట్టింట్లో గుట్టగా పడ్డాయి. అక్కడి ప్లేయర్లలో మన డిస్కులు ఆడకపోవచ్చని ఎవరో చెప్పారట, అందుకని పాత ప్లేయర్ కూడా సూట్‌కేసులో చేరింది. తూకం వేస్తే బరువు మించిపోయింది.

గీత విసుక్కుంది. "అమ్మా, సినిమాలన్నీ ఫోన్‌లోనే వస్తాయి కదా!"

"ఫోన్‌లో నోరు బియ్యపుగింజంత ఉంటాది. కింద అక్షరాలూ ఉండవు. ఊరగాయ జాడీ తీసెయ్. పట్టుచీరలు ఇచ్చెయ్ ఈ పాపకి. ఈ సంచుల జోలికి రావాకు."

తర్వాత నా వైపు తిరిగి, ఎప్పటిలాగే అదుపు లేని గొంతుతో, "ఆడ నాకు ఒక్కరి నోరూ తెలీదు పాపా. గీత పొద్దున పోతే రేత్రికి గాని రాదు. మాట్లాడే మొగాలు నాలుగన్నా నా ఎంబడి ఉండల్ల గదా" అన్నారు.

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. పరాయి దేశం పోతే మనకు భాష రాదు, అంతే. ఆమెకు మళ్ళీ చెవుడు వస్తుంది. కుప్పం స్టేషన్లో బెంగళూరు రైలు కదిలేటప్పుడు ఆ సంచులు ఆమె ఒళ్ళోనే ఉన్నాయి.

మొదటి నెలల్లో వీడియోలో కనబడినప్పుడల్లా చిక్కిపోయి ఉన్నారు. "అందరి పెదాలూ ఊరికే కదలతాండాయి. సిన్నప్పుడు జొరం తగ్గి లేసినప్పుడు మాయమ్మ నోరు ఇట్లే కదిలింది" అన్నారొకసారి. పగలంతా మన సినిమాలు పెట్టుకుని కూర్చుంటున్నారని గీత చెప్పింది.

మరుసటి ఏడు, ఉన్నట్టుండి ఒకరోజు, "రొట్టెల అంగడామె కొడుక్కి పెండ్లంట" అన్నారు.

"ఎవరు చెప్పారు మిస్?"

"ఆమే. యాల, సెప్పకూడదా?"

గీత లైబ్రరీ నుంచి ఆ దేశం సినిమాల డిస్కులు తెచ్చిపెడుతోందట. పొద్దున పూట వాళ్ళవి, కళ్ళు అలసిపోతే సాయంత్రం మనవి. అరవై దాటిన మనిషి, పుంగనూరులో కన్నడం నేర్చుకున్న పద్ధతిలోనే, వెనక్కి తిప్పి తిప్పి పోర్చుగీసు చదువుతున్నారు. "ఈళ్ళు నోరు సరిగ్గా తెరవరు పాపా. మన కుప్పం కూరగాయలామె ఎంతో మేలు" అని ఫిర్యాదు. నేను ఫోన్ పట్టుకుని ఆమె ముఖాన్నే చూస్తూ కదలకుండా ఉండిపోయాను. బొమ్మ ఆగిపోయిందనుకుని ఆమె ఫోన్‌ను తట్టారు.

ఆమె పోయిన తర్వాత గీత ఫోన్ చేసి చెప్పింది. "ఆస్పత్రిలో నేను లేనప్పుడు అన్నీ డాక్టరుతో తనే మాట్లాడుకునింది అక్కా. మాస్కు తీసి మాట్లాడమని వాళ్ళ భాషలో అడిగిందంట. ఆ యప్ప తీసినాడంట."

ఈ ఎండాకాలం మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. నోరు ఒక పక్కకు వంకరపోయింది, మాట ముద్దగా వస్తుంది. చూడవచ్చిన వాళ్ళు ఆమె ఏమన్నా "సరే, సరే" అని తలలు ఊపుతారు. మొన్న సాయంత్రం ఆమె ఒకే మాట పదేపదే అంటోంది. దాహం వేస్తోందేమోనని మా ఆయన నీళ్ళు తెచ్చాడు. ఆమె గ్లాసు తోసేసి ఏడ్చింది. నేను ఆమె ముఖం మీద వెలుతురు పడేలా మంచం తిప్పి, ఎదురుగా కూర్చున్నాను. "నాకు తెలియలేదు అత్తమ్మా, ఇంకోసారి చెప్పండి" అన్నాను. చెప్పింది. నీళ్ళన్న మాట నిజమే, కానీ దానికి ముందు ఇంకో మాట ఉంది. అది తెలియలేదు. మళ్ళీ అడిగాను. ఆమె ఏడుపు ఆపి, నా కళ్ళలోకి చూస్తూ, ఒక్కొక్క అక్షరమూ కూడదీసుకుని పలికింది.

ఆవుకు నీళ్ళు పెట్టారా అని అడుగుతోంది.

నేను దొడ్లోకి పోయి చూశాను. తొట్టి ఖాళీగా ఉంది.