కదిలిన పడవ

పాస్‌పోర్టు ఫొటోకని వచ్చినవాళ్ళను ఆయన స్టూలు మీద కూర్చోబెట్టి, భుజాలు సర్ది, కెమెరా కంటికి ఆనించుకుని, నాలుగడుగులు వెనక్కి వేస్తారు. నాలుగో అడుగుకి మడమ గోడకి తగులుతుంది. అప్పుడు "కదలొద్దు" అంటారు. పసిపిల్లలకైనా పెద్ద ఆఫీసర్లకైనా అదే మాట, అదే గొంతు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస. అందుకే వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. కదలొద్దు మాస్టారంటే చాలు, దారి చూపిస్తారు.

ఆ మాస్టారికి నీళ్ళంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు మునిగిందీ లేదు, తేలిందీ లేదు. కారణమంటూ ఉంటే ఆ భయానికి ఓ హద్దయినా ఉండేది. పోయి పోయి పడవల వడ్రంగి కూతుర్ని చేసుకున్నారు. "మా ఆయన స్నానానికి బకెట్ నింపినా ముందు ఒడ్డెక్కడుందో చూసుకుంటారు" అని భార్య చుట్టాలను నవ్విస్తుంటుంది.

ఆ వడ్రంగి మామగారికి చూపు పోతోంది. భూతద్దం పెట్టుకుని చూడగలిగేది ఇంకో రెండు మూడు నెలలేనని డాక్టరు చెప్పేశాడు. పాత రేవులో, ఒకప్పుడు పది దేశాల ఓడలు ఆగిన చోట, ఇప్పుడు పదకొండు పడవలు బురదలో పడి కుళ్ళుతున్నాయి. అన్నీ ముసలాయన చేతివే. చిట్టచివర ఉన్నది ఆయన చేసిన మొట్టమొదటి పడవ.

"అల్లుడూ, చూపుండగానే వాటిని కాగితం మీద చూపించు."

"ఒడ్డు మీంచి తీస్తే సరిపోతుందిగా, మావయ్యా?"

"పెళ్ళికూతుర్ని వీధిలో నిలబడి చూసొస్తావా? మిగతావి ఎలాగైనా తియ్యి. మొదటిదాన్ని మాత్రం ఎక్కి తియ్యి. దాని ముక్కులోనే ఉంది నా పనంతా."

సముద్రానికి పోటు వచ్చి రేవులోకి నీళ్ళెక్కేది పది గంటలకి. ఎనిమిదింటికల్లా ఇద్దరూ రేవుకి చేరారు. ముసలాయన రాతిగోడ మీద కూర్చుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, సముద్రం వైపు చెవి పెట్టాడు. మాస్టారు బురదలోకి దిగారు. బూట్లు ఊడిపోతాయేమోనని తాళ్ళకి ముడి మీద ముడి వేసుకొచ్చారు.

పది పడవలూ దూరంగా నిలబడే తీశారు. పెచ్చులూడిన రంగు, ఎండి బయటపడ్డ చెక్క పక్కటెముకలు, వాటిలోంచి తొంగిచూసే ఎండ్రకాయలు. ఒక్కో ఫొటోకీ ఒకసారి నీళ్ళెక్కడున్నాయో వెనక్కి తిరిగి చూసుకున్నారు. అందుకే ఆలస్యమైంది. చివరి పడవెక్కేసరికి పది కావస్తోంది.

పైబల్లలు కాలికింద నిట్టూర్చాయి. అడుగున ఎక్కడో సన్నగా, ఎవరో గుటక వేసినట్టు చప్పుడు. త్వరగా తీసి దిగిపోదామని కెమెరా కంటికి ఆనించారు. పడవ ముక్కు ఇమడలేదు. ఒకడుగు వెనక్కి వేశారు. ఇంకా ఇమడలేదు. రెండు. మూడు. కన్ను కెమెరాలో ఉంది గాని కాళ్ళు స్టూడియోకి వెళ్ళిపోయాయి. నాలుగో అడుగుకి మడమ గోడ కోసం వెతికింది.

గోడ లేదు. బల్ల ఫెళ్ళుమంది. కుడికాలు తొడదాకా దిగబడింది. పడుతూ పడుతూనే వేలు బటన్ నొక్కేసింది.

కాలు లాగారు. రాలేదు. అడుగున రెండు పక్కటెముకల మధ్య బూటు ఇరుక్కుంది. మళ్ళీ లాగితే చెక్క ఇంకా గట్టిగా కరిచింది. ఇంతలో చీలమండకి చల్లగా ఏదో తగిలింది. పోటు.

"మావయ్యా" అన్నారు. కెమెరాని నీళ్ళకి అందకుండా ఎత్తి పట్టుకున్నారు. మళ్ళీ అరిచారు. "కాలు దిగబడింది. నీళ్ళొస్తున్నాయి."

కర్ర బురదలో పొడుచుకుంటూ వచ్చే చప్పుడు వినిపించింది. ఆ వెనకే ముసలాయన గొంతు.

"కదలొద్దు."

ఇన్నేళ్ళలో ఆ మాట తనతో ఇంకొకరు అనడం అదే మొదటిసారి. అనేవాడికి కదిలే వీలుంటుందనీ, వినేవాడికే ఉండదనీ మాస్టారికి అప్పుడు తెలిసింది.

"ఎవరినైనా పిలుచుకు రండి."

"పిలుచుకొచ్చేలోపు నీ నడుం దాకా వస్తుంది. బొటనవేలు ఎటుంది? ఒడ్డువైపా, సముద్రంవైపా?"

"ఒడ్డువైపు."

"అయితే ఐదో ఎముకకీ ఆరో ఎముకకీ మధ్య." ముసలాయన పడవ పక్కనే తడుముకుంటూ, బల్లల్ని వేలి కణుపుతో కొట్టి వింటూ నడిచాడు. టక్, టక్, డబ్. "ఇదీ. దీనికి ఇనుప మేకుల్లేవు, చెక్కచీలలు వేశాను. బతికిపోయావు."

రాయితో కొట్టాడు. ఒక చీల ఊడింది. రెండోది ఉబ్బిపోయి కదల్లేదు. నీళ్ళు మాస్టారి పిక్క దాటి మోకాలికి వచ్చాయి. కళ్ళు గట్టిగా మూసుకున్నారు. లోపల ఎవరో లెక్కపెడుతున్నట్టే ఉంది గాని, ఎన్నో అంకె దగ్గర ఆపుతారో తెలియడం లేదు. మూడో దెబ్బకి పలక విరిగింది. ముసలి చెయ్యి నీళ్ళలోంచి లోపలికొచ్చి బూటు పట్టుకుంది.

"ఎన్ని ముళ్ళేశావయ్యా?"

"నాలుగు."

"నీ భయం తగలెయ్య."

చూపుతో పనిలేని వేళ్ళు ఒక్కో ముడీ విప్పాయి. ఎంతసేపు పట్టిందో మాస్టారికి తెలియదు. నాలుగోది వదిలేసరికి నీళ్ళు తొడకి తగులుతున్నాయి. బూటు పడవకే వదిలేసి కాలు పైకొచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు చూపున్నాయనకి ఒంటి బూటుతో అడుగు పడలేదు. చూపు లేనాయన కాలరు పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చాడు.

వారం తర్వాత మాస్టారు ప్రింట్లు తీసుకెళ్ళారు. పదీ అద్దంలా వచ్చాయి. పదకొండోది ఇవ్వడానికి మనసొప్పలేదు గాని, ముసలాయన వేళ్ళతో లెక్కపెట్టుకుంటాడని ఇవ్వక తప్పలేదు. దాంట్లో పడవ ముక్కు నల్లటి చారలా ఆకాశంలోకి సాగిపోయి ఉంది.

"ఇది కదిలిపోయింది, మావయ్యా. పాడైంది."

ముసలాయన భూతద్దం దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు.

"కదిలిందా?"

"ఆఁ."

"నలభై ఏళ్ళుగా ఆ బురదలో అంగుళం జరగలేదది." మిగతా పది ఫొటోలూ కవరులో పెట్టేశాడు. ఇదొక్కటే ఒళ్ళో ఉంచుకున్నాడు. "ఎటు కదిలింది? సముద్రంవైపేనా?"

మాస్టారికి ఫొటో వైపు చూసే ధైర్యం లేకపోయింది. "ఆవైపే" అన్నారు. నీళ్ళొచ్చాయేమోనని కూర్చున్న కుర్చీ కిందికి ఒకసారి తొంగిచూసుకుని, రెండు కాళ్ళూ పైకి తీసుకున్నారు.