ఒక్కరినీ చంపని ప్రళయం

ప్రళయం ఒక్కరిని కూడా చంపలేడు. ఆ పేరు అతనికి మేం పెట్టిందే. కిడ్నీలు పాడైనవాళ్ళకి మిషన్ మీద రక్తం శుభ్రం చేసే గదిలో అతను టెక్నీషియన్. మాకు సూదులు గుచ్చుతాడు, మిషన్లు చూసుకుంటాడు, మధ్యలో కథ చెబుతాడు. ప్రపంచం అంతమైపోయాక మిగిలిన, సగం మనుషులూ సగం జంతువులూ అయిన ఒక గుంపు కథ. ఇంటికెళ్ళి దాన్నే నవలగా రాసుకుంటాడు. అందులో సముద్రాలు ఊళ్ళను మింగేస్తాయి, కొండలు విరిగిపడతాయి, ఆకాశం నిప్పులు కురుస్తుంది. ఆ గుంపులో మాత్రం ఒక్క ప్రాణం పోదు. మహా అయితే ఎవరికో కాలు బెణుకుతుంది.

ఆ గుంపు ఎవరో కాదు, మేమే. నా పక్క మంచం మీదుండే పెద్దమ్మ బట్టలు కుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. ఆవిడకి కొంగ కాళ్ళు పెట్టాడు. కిటికీ దగ్గరుండే వకీలు వీపుకి తాబేలు డిప్ప తగిలించాడు. ఆయన కేసులు ఎంత జోరుగా నడిచేవో తెలిసే ఆ పని చేశాడని మా అనుమానం. ఇక నేను. జీవితమంతా బస్సు నడిపినవాణ్ణి, వేళకి జనాన్ని ఇళ్ళకి చేర్చినవాణ్ణి. నన్ను ముళ్ళపందిని చేశాడు. పులిని చెయ్యడానికి నీకు చేతులు రాలేదా అని అడిగాను.

"పులులు ఇంతగా విసుక్కోవు బాబాయ్" అన్నాడు.

ఇంకో దుర్మార్గం వినండి. మాకు గుక్కెడు నీళ్ళు ఎక్కువైతే కాళ్ళు వాస్తాయి, ఊపిరాడదు. గొంతు తడుపుకోవడానికి ఐసుముక్క చప్పరించే బతుకులు. అలాంటి మమ్మల్ని ఈ మహానుభావుడు మంచినీటి చెరువు వెతుక్కుంటూ ఎడారి వెంట నడిపించాడు. చివరికి చెరువు దొరికిన రోజున, పెద్దమ్మ అందులో దిగి కడుపునిండా తాగిందని చెప్పాడు. ఆవిడ కళ్ళు మూసుకుని గుటకలు వేసింది. నాకూ ఒక చెంబెడు పొయ్యవయ్యా అని వకీలు సిగ్గు విడిచి అడిగాడు. నేను అడగలేదు, కానీ నాకూ పోశాడు.

అతని కథకి ఒక మొండి నియమం ఉంది. మాలో ఎవరు రాకపోయినా కథ కదలదు. మేనకోడలి పెళ్ళని వకీలు ఒక పూట ఎగ్గొడితే, ఆయన డిప్ప మీద నది దాటుతున్న మేమంతా నడిమధ్యలో ఉండిపోయాం. తర్వాత ఆయన వచ్చినప్పుడు పెద్దమ్మ పెట్టిన చివాట్లకి, మళ్ళీ పెళ్ళిళ్ళ జోలికి వెళ్ళనని ఒట్టేశాడు పాపం.

ఇలా నవ్విస్తున్నానని నేను సుఖంగా ఉన్నాననుకోకండి. నాకు బతుకు మీదే విసుగొచ్చింది. వారంలో సగం ఆ మంచం మీద, మిగతా సగం ఆ మంచం మిగిల్చిన నీరసంలో. నన్ను తీసుకెళ్ళి తీసుకురావడానికని కూతురు మంచి ఉద్యోగం మానుకుంది. అల్లుడు ఏమీ అనడు, ఆ అనకపోవడమే నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. ఈ ఒక్కసారి వెళ్ళి, ఇక వెళ్ళకూడదనుకున్నాను. మానేస్తే ఎన్నాళ్ళో ఉండనని డాక్టరు ముందే చెప్పాడు. తెలిసే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు వెళ్ళగానే, అక్కడి బీరువాలో ఎప్పుడూ ఉంచే నా స్వెట్టరూ, చెప్పులూ, దువ్వెనా తీసి సంచిలో వేసుకున్నాను. ప్రళయం చూశాడు. ఉతకడానికా అని అడిగాడు. అవునన్నాను. దువ్వెన కూడా ఉతుకుతారా అని అడగలేదు.

ఆ పూట కథలో వంతెన కూలింది. గుంపంతా ఒక్క తాడు పట్టుకుని లోయలోకి వేలాడుతోంది. పైన ఆ తాడు పట్టుకున్నది ముళ్ళపంది ఒక్కడే. సరిగ్గా అప్పుడే అతని ఫోను మోగింది. చేతికి గ్లౌజులున్నాయని మోచేత్తో నొక్కి, స్పీకర్లో పెట్టాడు. అవతల పుస్తకాలు వేసే ఆయన. ఆయన ఒప్పుకోవాలని ప్రళయం ఎన్నేళ్ళుగా కాళ్ళరిగేలా తిరిగాడో మా గదిలో అందరికీ తెలుసు.

"ప్రపంచం నాశనమైందని రాశారు, బానే ఉంది. మరి ఎవరూ పోలేదేంటండీ?"

"పెద్దమ్మ కాలు బెణికిందండీ."

"బెణుకులకి పుస్తకాలు అమ్ముడుపోవు. ఒక్కర్ని చంపండి చాలు. ఆ ముళ్ళపంది ఉన్నాడే, సణగడం తప్ప చేసేదేం లేదు. వాణ్ణి లోయలో పడేయండి, వెంటనే అచ్చుకిచ్చేస్తా."

పడెయ్యి, పడెయ్యి అని నేను సైగలు చేశాను. నాకు పోయేదేముంది? ప్రళయం నావైపు చూడలేదు. మంచం కింద ఉన్న నా సంచివైపు చూశాడు.

"కుదరదండీ. ఆయన ఎల్లుండి రావాలి."

అవతలాయన ఏమీ అర్థంకాక ఫోను పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతికందిన అదృష్టాన్ని కాలదన్నుకున్నావు, నీకు బుర్ర ఉందా అని నానా మాటలూ అన్నాను. అతను సూదులు తీసి, పట్టీ వేసి పంపించాడు. తాడు నా చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు పెద్దమ్మ ఫోను చేసింది. ఈ కొంగ కాళ్ళేసుకుని ఎంతసేపు వేలాడమంటావని గొడవ. ఆ వెంటనే వకీలు. తాడు వదిలితే కోర్టుకి లాగుతానన్నాడు. నా సంచి సంగతి వీళ్ళకెవరికీ తెలియదు, నేను అలిగి రాకపోతే కథ ఆగిపోతుందనే వీళ్ళ దిగులు. ఒక్కడికే తెలుసు, వాడు మాత్రం ఫోను చెయ్యలేదు. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది, ఎందుకో సరిగ్గా చెప్పలేను.

అతనన్న ఎల్లుండికి వెళ్ళాను. తిట్టడానికే వెళ్ళాను. సూదులు గుచ్చుతున్నంతసేపూ అదే మాట. నన్ను చంపి పుస్తకం వేయించుకో, నాకేం అభ్యంతరం లేదు, కావాలంటే రాసిస్తాను.

"పుస్తకం ఎక్కడికీ పోదు బాబాయ్. ముందు తాడు చూసుకోండి, పెద్దమ్మ జారిపోతోంది."

అని కథ అందుకున్నాడు. గాలి ఊపేస్తోందట, అరచేతులు ఒరుసుకుపోయాయట. అంతలో పెద్దమ్మ కిసుక్కున నవ్వింది. ఏమిటా అని చూసుకుంటే, సూదుల్లేని నా చెయ్యి మంచం కడ్డీని బిగించి పట్టుకుని ఉంది.

కడ్డీ వదులుగా ఉందేమోనని చూస్తున్నానన్నాను.

"బాగా చూడు నాయనా," అందావిడ. "మేమంతా దానికే వేలాడుతున్నాం."