పళ్ళెంలో ఉండిపోయిన బోర్డు

మా మేనత్త పోయింది. ఆదివారం పొద్దున, మా క్వార్టరు వెనక వరండాలో, స్టూలు మీద కూర్చుని ఉండగానే. ఇంటికి వచ్చినవాళ్ళందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు.

అత్త రైల్వే ఆఫీసులో క్లర్కు. ఆదివారాలు సర్క్యూట్ బోర్డులు చేసేది. రాగి అంటించిన పలక మీద మార్కరుతో గీతలు గీసి, ప్లాస్టిక్ పళ్ళెంలో ఫెర్రిక్ క్లోరైడ్ పోసి ముంచేది. గీతల కింద రాగి మిగిలి, తక్కినదంతా కరిగిపోయేది. ఎవరూ నేర్పలేదు. మొదటిసారి సర్క్యూట్ బొమ్మను తిరగేసి గీయాలని తెలియక, చిప్పు పెట్టబోతే కాళ్ళన్నీ ఎదురువైపు వచ్చాయి. "ఏటే అలా సూస్తావు? నవ్వు. నాకూ నవ్వొస్తంది" అంది.

కాన్వెంటులో నోరు విప్పకుండానే చదువు ముగించిన నన్ను పుస్తకంలోంచి లేపింది అత్త ఒక్కతే. పళ్ళెం ఊపే పని నాకిచ్చింది. "మాటాడకపోయినా పర్లేదు. ఊపడం ఆపకు" అనేది.

కాలనీలో సగం ఇళ్ళలో ట్యాంకు నిండగానే మోటారు ఆపేది అత్త బోర్డే. పెళ్ళిళ్ళలో మాత్రం ద్రావణం మరకలు పట్టిన ఆ వేళ్ళతో వడ్డించనిచ్చేవారు కాదు. "నీ సేతులు సూత్తే ముద్ద దిగదు వదినా" అని పెద్దమ్మ నవ్వేది. అత్త చేతులు కొంగులో దాచుకునేది. నేను పక్కనే ఉండి ఊరుకునేదాన్ని.

పక్క క్వార్టరు తాతకు చెవులు వినబడవు. బయట బెల్లు నొక్కితే లోపల దీపం వెలిగేలా ఆయన కోసం చేస్తున్న బోర్డు ఆ ఆదివారం పళ్ళెంలో ఉంది. ద్రావణం పాతది, పైగా చలి, రాగి నెమ్మదిగా కరుగుతోంది. ప్రాణముందేమోనని ఆసుపత్రికి తీసుకెళ్ళిన అత్తను తిరిగి తెచ్చేసరికి, బోర్డు తియ్యడానికి ఇంకా గంట వ్యవధి ఉంది. ఆ తర్వాత గీతల కిందికీ ద్రావణం చేరి అంతా తినేస్తుంది. నేను వరండా వైపు వెళ్ళబోయాను.

పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంట్లో శవముంటే ఆ యాసిడ్ ముట్టుకుంటావేటి? మైల."

"బోర్డు తియ్యాలి, పెద్దమ్మా."

"ఎవరిక్కావాలే ఇప్పుడది?"

తాతకు కావాలి అనలేకపోయాను. వచ్చేవాళ్ళకు ఆ సామాను కనబడకూడదని బాబాయి వరండాకు తాళం వేశాడు. స్నానం చేయిస్తూ పెద్దమ్మ నిమ్మచెక్కతో అత్త వేళ్ళు తోమింది. మరకలు పోలేదు. ఆ రోజు నాకు దొరికిన సంతోషం అదొక్కటే.

దినాలకు వచ్చినవాళ్ళు అత్త ఎంత పరోపకారో చెప్పుకుంటూ తిన్నారు. వాళ్ళ మీద నాకు కోపం. తాళం చెవి మేకుకే వేలాడుతున్నా తీసుకోని నా మీద అంతకన్నా కోపం.

పన్నెండో రోజు దాటాక తలుపు తీశారు. పలకను పళ్ళెంలోంచి తీసి నీళ్ళ బకెట్లో ముంచాను. రాగి ఒక్క గీత కూడా మిగల్లేదు. మార్కరు సిరా మాత్రం నల్లటి పొరలుగా విడి, అత్త చేతి వంపులతోనే, నీళ్ళలో తేలింది. గోడ అవతల నుంచి తాత, అయిందా అన్నట్టు చెయ్యి తిప్పాడు. నేను పలక ఎత్తి చూపించాను. రాగి పోయి మిగిలిన పల్చటి ఫైబరు పలకలోంచి ఎండ పచ్చగా ఆయన మొహం మీద పడింది. బాగుందన్నట్టు ఆయన తల ఊపాడు.