ఫారంలో లేని ఈతచెట్లు

హెల్మెట్ పెట్టుకుని ఈతచెట్టెక్కిన మొదటి మనిషి మా బావే అయి ఉంటాడు. పసుపుపచ్చ హెల్మెట్, దాని మీద సూర్యుడి బొమ్మ. ఒంటి మీద కంపెనీ ఇచ్చిన టీషర్టు, వీపున 'ప్రకృతితో కలిసి నడుద్దాం' అని పెద్ద పెద్ద అక్షరాలు. వెలుతురు కుదరలేదని ఫోటోగ్రాఫర్ మూడుసార్లు ఎక్కించాడు. ఎక్కిన ప్రతిసారీ హెల్మెట్ కళ్ల మీదికి జారింది. నాలుగోసారి ఎక్కమనేసరికి బావ సగం చెట్టు మీద నుంచే అరిచాడు.

"ఓ సారూ, కల్లు దించుడన్న అయితది గని నీ ఫోటువ అయ్యేటట్టు లేదు!"

కింద నిలబడి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ టీషర్టు మడత విప్పి బావ చేతికిచ్చిందీ నేనే. అప్పట్లో నేను ఆ సోలార్ కంపెనీ సామాజిక బాధ్యత విభాగంలో ఉద్యోగం చేసేదాన్ని. జగిత్యాలలో ఒక బట్టల దుకాణం మేడ మీద మా ఆఫీసు. సామాజిక బాధ్యత అంటే ఏమిటో మొదటి వారంలోనే అర్థమైంది. చేసే పని పావు వంతు, దాని ఫోటో ముప్పావు వంతు. బడికి ఒక ఫ్యాన్ ఇస్తే ఆ ఫ్యాన్ రెక్కల కంటే పెద్ద బ్యానర్ కట్టేవాళ్లం.

మా అక్కను ఇచ్చింది ఎల్లారెడ్డిపేట మండలంలో ఒక పల్లెకు. బావది గీత వృత్తి. వాగు ఒడ్డున ఉన్న ఈతవనంలో ఆయన వంతు చెట్లు ఆయన తాత నాటినుంచీ ఉన్నవి. వరుసగా వానలు మొహం చాటేసిన కాలంలో వనం ఎండి బావ గల్ఫ్ పోయాడు. చాలా ఏళ్లు ఎండలో ఇనుప చువ్వలు మోసి, నడుము పాడు చేసుకుని, వానలు పడి వనం మళ్లీ పచ్చబడ్డాక తిరిగొచ్చాడు. వచ్చిన రోజే మా అమ్మ ముందు ఒట్టేశాడు, "అత్తా, సచ్చినా గా ఇసుకల మళ్ల అడుగు వెట్ట" అని.

ఆ తర్వాత ఆ ఇల్లు నిమ్మళంగా ఉంది. బావ పొద్దున్నే వనానికి పోయేవాడు, అక్క చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుట్టేది. రోజుకు రెండుసార్లు పోట్లాడుకునేవాళ్లు. ఫోన్‌లో కాకుండా ఎదురెదురుగా పోట్లాడుకోవడం ఎంత బాగుంటుందో అక్క నాతో చెప్పి నవ్వేది. వనం ఉంటే బావ ఊళ్లో ఉంటాడు. వనం పోతే గల్ఫ్ పోతాడు. ఇందులో అర్థం కాకపోవడానికి ఏమీ లేదు, కానీ మా కంపెనీలో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు ఉండేవాళ్లు.

ఊరి పక్క మెట్ట భూముల్లో సోలార్ పలకలు పరిచారు. వాటి దగ్గరికి లారీలు పోవడానికి దారి కావాలి, ఆ దారికి ఈతవనం అడ్డమొచ్చింది. అయితే కంపెనీకి ఒక నియమముంది. బతుకుతెరువు ఇచ్చే చెట్టును ఒక్కటి కూడా కొట్టకూడదని. ఆ నియమాన్ని అద్దం కట్టించి ఆఫీసు గోడకు తగిలించారు కూడా. అందుకని చెట్ల సర్వే పెట్టారు. మా వాళ్లను అడగడానికి మా మనిషే అయితే మంచిదని నన్ను పంపారు.

ఫారంలో రెండే గళ్లు. 'గీస్తున్న చెట్లు', 'గీయని చెట్లు'.

ఈతచెట్టును ఏటేటా గీయరు. ఒక ఏడు గీస్తే మరుసటి ఏడు వదిలేస్తారు. కోసిన చోట గాయం మానాలి, చెట్టు తేరుకోవాలి. అట్లా వదిలిన వాటిని మా గీత ఇళ్లలో బాలింత చెట్లు అంటారు. బాలింతను పనికి పిలవనట్టే ఆ ఏడంతా ఆ చెట్ల జోలికి పోరు. అవి ఎన్నున్నాయో పైకి లెక్క చెప్పరు, దిష్టి తగులుతుందని. ఆ ఇళ్లలో పుట్టినదాన్ని, ఇదంతా నాకు తెలుసు.

"గీస్తున్నయి ఎన్ని బావా?"

"నలభై రాస్కో."

"తక్కినయి?"

బావ నా వైపు వింతగా చూశాడు. "గవ్విటి లెక్క నా నోట చెప్పిస్తవా మరదలా? నీకు ఎర్క లేదా?"

రెండో గడి ఖాళీగా వదిలేసి వచ్చాను. గీత పని చేసే ఇళ్లన్నిట్లోనూ అదే జవాబు. ఖాళీ గడిని కంప్యూటర్ తీసుకోదని ఆఫీసులో మా మేనేజరు విసుక్కున్నాడు. నేను మళ్లీ పోయి, ఎవరినీ అడక్కుండా, వనమంతా తిరిగి బాలింత చెట్లను లెక్కబెట్టుకుని వచ్చి 'గీయని చెట్లు' గడిలో వేశాను. పక్కన ఖాళీ జాగాలో 'ఇవి వచ్చే ఏడు గీస్తారు' అని పెన్సిల్‌తో రాశాను. రాశాను కదా అని ఆ రోజు కడుపునిండా తిన్నాను కూడా. నా పెన్సిల్ రాత కంప్యూటర్‌లోకి పోలేదు. పోతుందని ఎట్లా అనుకున్నానో! ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

నెల తిరక్కముందే మిషన్ వచ్చి బాలింత చెట్లన్నిటినీ వేళ్లతో సహా పెకిలించింది. గీస్తున్న చెట్టు ఒక్కటి కూడా ముట్టుకోలేదు. అవి తప్పించుకుంటూ దారిని వంకర్లు తిప్పారు. ఎంత జాగ్రత్త! 'పనికిరాని చెట్ల తొలగింపు' అని నివేదికలో రాసింది మేనేజరే, తెలుగు చేసింది నేను.

బావ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పెకిలించిన మొద్దు మీద కూర్చుని, "బాలింతలు పిల్లా అవి, ముసలియి గాదు" అన్నాడు, అంతే.

తర్వాత హైదరాబాద్ నుంచి మా కంపెనీ పెద్ద మేడమ్ వచ్చింది. పోయిన ప్రతి చెట్టుకూ పది మొక్కలు అని ప్రకటించింది. లారీ నిండా వచ్చిన మొక్కలు చూసి మా వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. అన్నీ కోనోకార్పస్, పట్నం రోడ్ల పక్కన అందానికి పెంచేవి. ఒక ముసలాయన చేతులు కట్టుకుని ఎంతో మర్యాదగా అడిగాడు, "గీస్తే కల్లు పడుతదా మేడం?" మేడమ్ నవ్వి, ఇవి చాలా ఆక్సిజన్ ఇస్తాయని చెప్పింది. మా బావకు ఫోన్ రిపేరు నేర్పిస్తామని కూడా చెప్పింది. చెట్టెక్కే మోకు తాడు పట్టి పట్టి కాయలు కాసిన ఆ వేళ్లకు!

హెల్మెట్ ఫోటో దిగింది ఆ మరునాడే. సిరిసిల్లలో ఫంక్షన్ హాలు మాట్లాడి, 'వృత్తిని నిలబెట్టిన ఆదర్శ గీత కార్మికుడు' అని బావకు సన్మానం చేశారు. కప్పిన శాలువా సూరత్‌ది. సిరిసిల్లలో, హాలు గోడ అవతల మరమగ్గాలు టకటకలాడుతుంటే, సూరత్ శాలువా! తంగళ్ళపల్లి నుంచి వచ్చిన ఒక నేత కార్మికుడు దాని అంచు వేళ్లతో నలిపి చూసి, పోయి భోజనాల వరుసలో నిలబడ్డాడు.

మరుసటి ఏడు వచ్చింది. గీసిన నలభై చెట్లూ వదిలేయాల్సిన ఏడు. గీయడానికి ఇంకో చెట్టు లేదు. ఈసారికి వాటినే గీయమని అక్క ఏడుస్తూ బతిమాలింది.

"బాలింతతోని బండ మోపియ్యాల్నా? నాతోని కాదు" అన్నాడు బావ. కోరుట్లలో గల్ఫ్ ఏజెంటు దగ్గరికి పోయి పాస్‌పోర్టు ఇచ్చి వచ్చాడు. ఆ రోజు మా అమ్మ ఇంటికి మాత్రం రాలేదు.

సరిగ్గా అప్పుడే కంపెనీ కొత్త ఆఫీసుకు మారుతోంది. ముందు గదిలో అద్దాల పెట్టె పెట్టి అందులో బావ మోకు ఉంచాలని మేడమ్‌కు తోచింది. చెట్టెక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే ఆ తాడు చూసేవాళ్లకు బాగుంటుందట. తెచ్చే పని నాది. తేకపోతే నా కాంట్రాక్టు సంగతి ఆలోచించాల్సి ఉంటుందని మేనేజరు మెత్తగా చెప్పాడు.

సిరిసిల్ల బస్టాండులో బావ హైదరాబాద్ బస్సు కోసం నిలబడి ఉన్నాడు. అక్క, పక్కన ఒక అట్టడబ్బా. డబ్బాలో పచ్చళ్లు, సకినాలు. దాని చుట్టూ కట్టి ఉన్నది మోకు. సంగతి ఎట్లనో చెప్పాను. ఎవరి మొహమూ చూడలేక బస్సుల వైపు చూస్తూ చెప్పాను.

"అద్దాల డబ్బలనా?" అన్నాడు బావ. "మరి నన్ను సుత గండ్లనే పెట్టుకొమ్మనకపోయినవా మరదలా?"

నవ్వుతున్నాడనుకున్నాను. నవ్వడం లేదు. వంగి మోకు ముడి విప్పడం మొదలుపెట్టాడు. వద్దు బావా అన్నాను. వినలేదు. అక్క సంచిలోంచి సన్మానం శాలువా తీసి, మెలిపెట్టి దానితో డబ్బా కట్టింది.

"తీస్కపో. నీ నౌకరన్న ఉండనీ" అన్నాడు బావ, మోకు నా చేతిలో పెడుతూ. "ఇంట్ల ఒక్కరన్న ఈడ ఉండాలె."

మోకు ఇప్పటికీ ఆ అద్దాల పెట్టెలో ఉంది. కింద చీటీ కూడా ఉంది, 'సంస్థ తోడ్పాటుతో తన వృత్తిని కొనసాగిస్తున్న గీత కార్మికుడిది' అని. ఆ చీటీ రాసింది నేనే.