శనివారం మాత్ర

“మాత్ర తిండి కాదుగా తమ్ముడూ, ఉపవాసం ఎందుకు చెడుతుంది అనుకున్నాను. తప్పిందల్లా అక్కడే.”

అచ్చాయమ్మగారు కాలవగట్టు మీద నడుస్తూ చెబుతున్నారు. పక్కన నేను. మా వెనకాలే ఆవిడ భర్త బుల్లిరాజుగారు మోటారుసైకిలు మీద, మొదటి గేరులో, రెండు కాళ్ళూ నేలకి రాసుకుంటూ వస్తున్నారు. ఎందుకలా వస్తున్నారని అడిగితే, అక్కడికే వస్తున్నానుండు అన్నారావిడ.

వీళ్ళది నిడదవోలు దగ్గర పల్లెటూరు. వరి, కాస్త కొబ్బరి. కోడలొచ్చి వంటిల్లు అందుకున్నాక ఈవిడ కుర్చీ అందుకున్నారు. కూర్చున్నకొద్దీ ఒళ్ళొచ్చింది, దాంతోపాటు షుగరూ వచ్చింది. డాక్టరు సత్యప్రసాద్‌గారు మాత్రలు రాసి, రోజూ నడవమన్నారు. ఈవిడ మాత్రలు మింగారుగానీ నడవలేదు. నడిచేదాన్నయితే మీ దగ్గరికెందుకొస్తానండీ అని ఆయన్నే అడిగారట. మాత్ర దాని పని అది చేస్తుంది, మీ కాళ్ళ పని అది చెయ్యదండి అన్నారట ఆయన.

ఆ మాటతో నడక మొదలుపెట్టారు. మొదట్లో సిగ్గేసేదట. గట్టు మీద ఎదురైన ప్రతివాళ్ళూ ఎక్కడికండీ అని అడుగుతారు. ఎక్కడికీ కాదంటే నమ్మరు. అందుకని చేతిలో ఖాళీ సంచి పట్టుకుని, కూరగాయలకి వెళ్తున్నట్టు నడిచేవారు. కొన్నాళ్ళకి సంచి మానేశారు. జాకెట్లు వదులయ్యాయి, రక్తపరీక్షలో షుగరు దిగింది. పీట మీద కూర్చుని పూజ చేసుకుని, ఎవరూ చెయ్యందించకుండా లేవడం మళ్ళీ వచ్చింది.

ఇక శనివారం సంగతి. పెళ్ళయిన దగ్గర్నుంచీ వెంకన్నకి ఆవిడ ఒంటిపూట ఉంటారు. మధ్యాహ్నం భోజనం, రాత్రికి ఇడ్లీ. పొద్దున్న మంచినీళ్ళే. ఆ నీళ్ళతోనే మాత్ర మింగేసేవారు. కుర్చీలో కూర్చున్నన్నాళ్ళూ అలాగే సాగిపోయింది. నడక జోరందుకున్నాక ఒక శనివారం పొద్దున్న కాలవ లాకుల దగ్గర చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమటలు పట్టాయి, కళ్ళకి మసకలు కమ్మాయి. అక్కడ చెరకురసం బండి అతను పరిగెత్తుకొచ్చి గ్లాసు నోటికందిస్తే, ఉపవాసం బాబూ అని మొహం తిప్పేసుకున్నారట. “ముందు తాగండమ్మా, స్వామికి నేను చెబుతాను” అని తాగించాడట అతను.

ఇంట్లో అందరూ ఒక్కమాటే అన్నారు, ఇక నడక వద్దని. కోడలు కుర్చీ తెచ్చి వరండాలో వేసింది, మెత్తటి దిండు కూడా పెట్టింది.

“షుగరొచ్చిందన్నప్పుడు నాకు భయం వెయ్యలేదు తమ్ముడూ. ఆ దిండు చూస్తే వేసింది.”

భర్తని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికెళ్ళారు. తప్పు నడకదీ కాదు, మాత్రదీ కాదన్నారాయన. ఆ మాత్రా నడకా రెండూ షుగరుని కిందికే లాగుతాయి, కడుపులో ఏమీ లేకుండా రెండూ కలిస్తే ఇదే జరుగుతుంది అన్నారు. ఒళ్ళు తగ్గింది కాబట్టి మందూ కొంత తగ్గించారు. ఏదైనా తిన్నాకే మాత్ర, ఆ తరవాతే నడక, కొంగున పంచదార పొట్లం ఉండాలి అని చెప్పారు. మరి ఉపవాసమో అంటే, వెంకన్నతో మీరే మాట్లాడుకోండి అన్నారట.

దారిలో ఈవిడకే తట్టింది. రాత్రి తినే ఆ ఇడ్లీ పొద్దున్నే తింటే? భోజనం ఎలాగూ ఒంటిపూటే. రాత్రికి పాలూ పండూ చాలు.

“అప్పట్నుంచీ అదే. వెంకన్న ఇంతవరకూ ఏమీ అనలేదు.”

వెంకన్న అనకపోయినా బుల్లిరాజుగారు అన్నారు. ఒంటరిగా పంపనన్నారు. నడిచే ఓపిక లేదు కాబట్టి బండి మీద వస్తానన్నారు. ఆ రావడం ఇదే. పొలానికి పోయేవాళ్ళు ఊరుకుంటారా? రాజుగారు అక్కని గేదెని తోలినట్టు తోలుకొస్తున్నారని నవ్వుతుంటారు.

“దానికి నేనేం బాధపడను, నా బెంగల్లా ఈయన గురించే. డాక్టరుగారు ఆ రోజే ఈయనకీ షుగరు పరీక్ష చేశారుగా. బోర్డర్లో ఉందన్నారు.”

“బోర్డర్లో ఉన్నోళ్ళు నడవక్కర్లేదే” అన్నారు వెనకనుంచి బుల్లిరాజుగారు.

అచ్చాయమ్మగారు ఆగిపోయారు. బండీ ఆగింది. ఆవిడ వెనక్కెళ్ళి, ఇంజను ఆపేసి, తాళం తీసుకొచ్చి నా చేతిలో పెట్టారు.

“నీకు బండి తోలడం వచ్చుగా తమ్ముడూ? కాస్త ఇంటిదాకా తోలుకెళ్ళిపో. మీ బావగారూ నేనూ నడిచొస్తాం.”